తాటిచెట్టు ఎత్తున ప్రతిచర్య

మన దేశానికి కావలసిన బరువునంతా అమ్మే అవతలి దేశం ఆ సరఫరాను సగానికి సగం కోసేసిన వారంలో, ముత్యాలదిబ్బలో కొల్లాటి మంగతాయారు చెరువు రొయ్యలు నలభై కౌంటు నుంచి ఎనభై కౌంటుకి పడిపోయాయి. కౌంటంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. అది పెరిగేకొద్దీ ధర పడిపోతుంది. రొయ్య అదే రొయ్య, మీసాలతో సహా ఎదగాల్సినంతా ఎదిగింది. కాటా మీద పోస్తే మాత్రం పిల్ల రొయ్య తూకం చూపించింది.

బరువు మనం ఎందుకు కొనుక్కోవాలి అని అడిగేవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ఒకప్పుడు మన బరువు మనమే తయారుచేసుకునేవాళ్ళమట. అది కాస్త గరుకుగా ఉండేదట. అవతలి దేశం సరుకు చవగ్గా, నునుపుగా రేవుల్లో దిగడం మొదలయ్యాక ఆ ఫ్యాక్టరీలన్నీ మూతపడి కల్యాణమండపాలయ్యాయి. మన రొయ్యల్ని కొనేది కూడా ఆ దేశమే. బరువు అమ్మేది, ఆ బరువుతో తూగిన రొయ్యల్ని పట్టుకుపోయేది. ఎక్కడో ఒక అంతర్జాతీయ సభలో మన ప్రతినిధి ఒక చిన్న దేశం తరఫున చెయ్యెత్తేదాకా వ్యవహారం సాఫీగానే సాగింది. ఆ చెయ్యి దించమని అవతలి దేశం కబురు పెట్టింది. మనవాళ్ళు దించలేదు. తర్వాత సాంకేతిక మరమ్మతులని చెప్పి సరఫరా తగ్గించేశారు.

ముత్యాలదిబ్బ రైతులకి ఇదేమీ తెలియదు. కౌంటు పడిందంటే వాళ్ళకి తెలిసిన కారణాలు మూడే: విత్తనం, నీళ్ళు, మేత. కాబట్టి మంగతాయారు మొగుడు పోతురాజు తిన్నగా మేత కొట్టుకి వెళ్ళి గొట్టుముక్కల నరసరాజు గారిని నిలదీశాడు.

"మేతలో ఏదో కలిపేరండి రాజుగారూ. ఎంత మేపినా ఒంటికి పట్టట్లేదండి."

"నా మేత పట్టకపోవడమేంటోయ్? నీ చెరువులో నీళ్ళు చూసుకో ముందు" అన్నారు నరసరాజు గారు.

అలా ఇద్దరూ మాటా మాటా అనుకుంటూ ఉండగా అరుగు మీద కుర్చీలో కూర్చున్న నరసరాజు గారు గట్టిగా తుమ్మారు. తుమ్మి, కుర్చీలోంచి లేచి, నెమ్మదిగా రేకుల కప్పు దాకా వెళ్ళి అక్కడ ఆగారు. అంత పెద్దమనిషి కప్పుని పట్టుకుని వేలాడుతుంటే పోతురాజు చూడలేకపోయాడు. స్టూలెక్కి ఆయన్ని పాదాలు పట్టుకుని దించాడు. పాదాలు ఎలాగూ పట్టుకున్నాడు గనక మేత గురించి అన్న మాటకి క్షమాపణ కూడా చెప్పేశాడు. అప్పటికి సరఫరా సగం నుంచి నామమాత్రానికి వచ్చేసింది.

ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చుందనడం అన్యాయం. అది వెంటనే ఒక కమిటీ వేసింది. జరిగింది బెదిరింపా, లేక మామూలు వ్యాపార నిర్ణయమా అన్నది ముందు తేలాలి. బెదిరింపని తేలితేనే సాధనాలు బయటికి తియ్యాలి. అవతలి దేశం పేరు పలకడం కూడా రెచ్చగొట్టడం కిందకి వస్తుందని కమిటీ దాన్ని ఒకానొక దేశం అనే రాసుకుంది. సభ్యులు గాల్లో తేలుతూనే చాలా రోజులు చర్చించి, ఇది బెదిరింపు కావడానికి అవకాశాలున్నాయని తేల్చారు. దాంతో మొదటి సాధనం బయటికొచ్చింది. అది ప్రతిసుంకం. ఒకానొక దేశం నుంచి వచ్చే బరువు మీద భారీగా సుంకం వేశారు. ఆ కాస్త సరఫరా కూడా కొనలేనంత ప్రియమైపోయి, అప్పటిదాకా నేల మీద కుంటుకుంటూ తిరుగుతున్నవాళ్ళు కూడా పైకి లేచారు. దేశం గట్టిగా బదులిచ్చిందని పేపర్లు రాశాయి.

రెండో సాధనం అత్యవసర నిల్వ. ఇలాంటి రోజు వస్తుందని దూరదృష్టితో ఆలోచించిన పూర్వపు ప్రభుత్వం ఎప్పుడో బోలెడు బరువు కొని ఒకే గోడౌన్లో దాచిపెట్టింది. డెల్టా నేల మెత్తన గనక గోడౌన్ ఆ ఏడాదే భూమిలోకి దిగిపోయింది. తవ్వి తియ్యడానికి టెండర్లు పిలిచారు. పైపైన దొరికిన కాస్తా ఫైళ్ళు ఎగిరిపోకుండా సచివాలయానికి, జిల్లా ఆఫీసులకి పంచారు. మూడోది, మరో దేశం నుంచి కొనడం. మిత్రదేశం ఒకటి సంతోషంగా ఓడ నింపి పంపింది. అది కొండల దేశం కావడంతో వాళ్ళ బరువు కిందకి కాకుండా ఏటవాలుగా లాగేది. ప్రయోగం కింద తీసుకున్న ఊళ్ళో జనం ఇప్పటికీ ఒక పక్కకి ఒరిగే నడుస్తున్నారు. వాళ్ళ పిల్లలు అలాగే పుడుతున్నారు.

ముత్యాలదిబ్బ వాళ్ళు బతకడానికి ఒక దారి కనిపెట్టుకున్నారు. కొంగల బాధకి చెరువుల మీద వలలు కట్టడం ఆ పక్క మామూలే. ఇప్పుడు పక్షులు లోపలికి రాకుండా కట్టిన వలే రొయ్యలు బయటికి పోకుండా ఆపింది. నీళ్ళు గట్టు దాటి గుమ్మటంలా ఉబ్బి వలని తన్నుకుంటూ నిలబడ్డాయి. జనం కూడా మంచాలు తెచ్చి ఆ వలల కిందే వేసుకున్నారు. రొయ్యలు, మనుషులు ఒకే వల కింద పడుకుంటున్నారని మంగతాయారు నవ్వేది. నిజానికి ఆమెకి నవ్వు రావడం లేదు. ఆ చెరువు కౌలుది. ఈ పంట పోతే వచ్చే ఏడు చెరువూ ఉండదు, రొయ్యల పట్టుబడీ ఉండదు.

నష్టపరిహారం అన్న సాధనం కోసం ఆమె జిల్లా కేంద్రానికి వెళ్ళింది. నడుముకి రెండు ఇటుకలు కట్టుకుని, బస్సులో కండక్టరు అందరినీ కలిపి కట్టిన మోకు పట్టుకుని వెళ్ళింది. అక్కడ వాణిజ్య ప్రతిచర్యల విభాగంలో పసుమర్తి శ్రీనాథ్ అనే డిప్యూటీ డైరెక్టర్ ఉన్నాడు. పూర్తి బరువు కేటాయించిన ఆఫీసు గనక అతను నేల మీద టకటకా నడుస్తున్నాడు. ఆ చప్పుడు విని చాలా రోజులైంది కాబోలు, మంగతాయారుకి ముచ్చటేసింది.

"నష్టపోయిన సరుకు ఎన్ని కేజీలమ్మా?" అని అడిగాడు శ్రీనాథ్.

"కేజీలే పోయినియ్యండి. సరుకు చెరువులోనే ఉందండి."

"కేజీల్లో చెప్పాలి. ఇంకోలా తీసుకోవడానికి వీల్లేదు. మీ రొయ్యలు మొన్న ప్రభుత్వ కాటా మీద ఎంత తూగాయి?"

"ఏవీ తూగలేదండి. ముల్లు కదల్లేదు."

"మరింకేం? సున్నా కేజీల సరుకు పోతే సున్నా కేజీల నష్టం" అన్నాడతను. కుర్రాడు మంచివాడే. ఆమె మొహం చూసి మంచినీళ్ళు తెప్పించాడు. నీళ్ళు గ్లాసులోనే ఉండటం చూసి ఆమె కొంచెం సేపు తాగకుండా అలాగే పట్టుకుంది.

ఇక చివరి సాధనం మిగిలింది. దాన్ని అనుపాత ప్రతిచర్య అన్నారు. అంటే, వాళ్ళు మనకి ఎంత నష్టం చేశారో సరిగ్గా అంతే నష్టం మనం వాళ్ళకి చెయ్యాలి. ఒక చిటికెడు ఎక్కువైనా అంతర్జాతీయ మర్యాద దెబ్బతింటుంది. దేశం మొత్తం మీద కేజీల్లో రుజువైన నష్టాన్ని కూడితే ఓ బక్కపలచని నడివయసు మనిషి బరువంత తేలింది. కాబట్టి అలాంటి మనిషిని ఒక్కణ్ణి ఎంచుకుని, అతని బరువుని ఇకమీదట ఒకానొక దేశం నుంచి కొనకూడదని ప్రభుత్వం తీర్మానించింది. ఒక మనిషి బరువు అమ్మకం పోవడంతో వాళ్ళకి తెలిసిరావాలన్నది ఉద్దేశం. నామమాత్రపు బరువు కూడా కొనకపోతే ఆ మనిషి ఎలాగూ పైకి పోతాడు గనక, పోకుండా తాడు కట్టాలని, ఎత్తు తాటిచెట్టుకి మించకూడదని నిబంధనల్లో రాశారు.

ఇబ్బందల్లా మనిషి దొరకడం దగ్గర వచ్చింది. ఇప్పుడెవరిని తూచినా ముల్లు కదలదు. సంక్షోభానికి ముందు తూకం రుజువు కావాలి. శ్రీనాథ్, మిగతా అధికారులు ఎక్కిన జీపు ఊరూరా తిరిగి ముత్యాలదిబ్బకి వచ్చింది. పొద్దస్తమానం రొయ్యల్ని తూచడమే గానీ తమని తాము తూచుకున్నవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ఒక్క పోతురాజు తప్ప. అతను ఒకసారి భీమవరం స్టేషన్లో రైలు ఆలస్యమై, తోచక, ప్లాట్‌ఫారం మీద రంగు బల్బులు తిరిగే మిషనెక్కి నాణెం వేశాడు. అట్టముక్క వచ్చింది. ఒక పక్క బరువు, రెండో పక్క జాతకం. సినిమా తార బొమ్మ ఉందని దాన్ని పెట్టెలో దాచుకున్నాడు.

బరువు రుజువున్నవాళ్ళకి ఎవరి బరువు వాళ్ళకి తిరిగిస్తారని ఊళ్ళో పుకారు పుట్టింది. పెట్టె వెతికి అట్టముక్క తీసి మొగుడి చేతిలో పెట్టింది మంగతాయారే. "బేగా ఎల్లు. జీపు ఎల్లిపోద్ది" అని తరిమింది. పోతురాజు గట్టు వెంట వలలు పట్టుకుని ఈదుకుంటూ పోయి అట్టముక్కని శ్రీనాథ్ చేతికిచ్చాడు. శ్రీనాథ్ దాన్ని రెండువైపులా చూసి, లేచి నిలబడి, అతనికి చెయ్యి కలిపాడు. అంకె సరిగ్గా సరిపోయింది. మర్నాడే గెజిట్‌లో పోతురాజుని ప్రతిచర్యగా ప్రకటించారు.

అతన్ని ఎత్తిన రోజున బ్యాండు మేళం పెట్టారు. నరసరాజు గారు శాలువా కప్పారు. చెరువు గట్టున సిమెంటు దిమ్మ కట్టి, ఇనుప కొక్కెం బిగించి, కొత్త నైలాన్ తాడు పోతురాజు నడుముకి కట్టారు. అతని వాటా రద్దుచేస్తూ ఉత్తర్వు చదవగానే పాదాలు నేల వదిలాయి. మంగతాయారు ఇటుకలు కట్టుకుని కింద నిలబడి చూసింది. ఆమెకి కాస్త గర్వంగానే అనిపించింది, ఆ మాట దాచడం ఎందుకు? తాటాకుల ఎత్తుకి వెళ్ళాక అతను చుట్టూ చూసి కిందకి కేకేశాడు.

"మంగా, నాలుగో ఏరేటరు తిరగట్లేదే. తీగ ఊడినట్టుంది."

పైన ఉన్నందువల్ల చెరువు నాలుగు మూలలూ బాగా కనిపించేవి. నీళ్ళకి గాలి పట్టించే ఏ ఏరేటరు ఆగిందో, మేత ఎక్కడ తేలుతోందో, వల ఎక్కడ చిరిగిందో చెప్పేవాడు. భోజనం తాడుకి కట్టి వదిలితే దానంతటదే పైకి వెళ్ళేది. వారం రోజులు అలా గడిచాయి. ఆ తర్వాత, "ఎప్పుడు దింపుతారో కనుక్కోవే" అనడం మొదలుపెట్టాడు. చలిగా ఉందన్నాడు. నడుం దగ్గర ఒరుసుకుపోయిందన్నాడు. పక్షులు తన వంక అదోలా చూస్తున్నాయన్నాడు. మంగతాయారు రోజూ తల పైకెత్తి మాట్లాడి మాట్లాడి మెడ పట్టేసి, చివరికి గట్టు మీద వెల్లకిలా పడుకుని మాట్లాడటం నేర్చుకుంది.

అవతలి దేశం ప్రతినిధిని మన విలేకరులు ప్రతిచర్య గురించి అడిగారు. ఆయన అదేమిటో తనకి తెలియదని, కనుక్కుని చెబుతానని అన్నాడు. శత్రువు ఆలోచనలో పడ్డాడని మన పేపర్లు రాశాయి. లోపల మాత్రం వేరే మాటలు నడుస్తూనే ఉన్నాయి. తర్వాతి అంతర్జాతీయ సభలో ఓటింగ్ సమయానికి మన ప్రతినిధి కాఫీకి బయటికి వెళ్ళాడు. మర్నాడు ఒప్పందం కుదిరింది. సోమవారం పొద్దున నుంచి బరువు పూర్తిగా వదులుతారని, ఇది మన దృఢమైన ప్రతిచర్య సాధించిన విజయమని మంత్రిగారు ప్రకటించారు. ముత్యాలదిబ్బలో టపాకాయలు కాల్చారు. అవి పైకి వెళ్ళి ఇక కిందకి రాలేదు.

టపాకాయల మధ్యలో మంగతాయారుకి ఒక ఆలోచన వచ్చింది. సోమవారం పొద్దున బరువొస్తుంది. అందరికీ వస్తే పోతురాజుకీ వస్తుంది. వస్తే అతను తాటిచెట్టు మీంచి కింద పడతాడు. ఆ లోపల దించాలి. ఆమె పక్కింటి బళ్ళ ఆదిలక్ష్మిని తోడు తీసుకుని, నడుముల ఇటుకలతోనే గట్టుకి పరిగెత్తి తాడు లాగడం మొదలుపెట్టింది. పైన పోతురాజు, "లాగండి, లాగండి" అంటున్నాడు. కాపలా ఉన్న కానిస్టేబులు అడ్డుపడలేదు. అతను చాలా మర్యాదగా ఒక మాట మాత్రం చెప్పాడు.

"లాగితే లాగండమ్మా. కాకపోతే వాళ్ళు బరువు వదలకముందే మనం ప్రతిచర్య దింపేస్తే, మనంతట మనమే వెనక్కి తగ్గినట్టంట. అప్పుడు ఒప్పందం రద్దయిపోద్దంట. పైనుంచి వైర్‌లెస్‌లో చెప్పేరు."

గట్టు మీదకి ఊరు ఊరంతా వచ్చి చేరింది. ఎవరూ ఆమెని తిట్టలేదు. ముందుగా తాడు వదిలింది ఆదిలక్ష్మి.

"సోమారం దాకా ఆగు మంగా. ఒక్క సోమారం" అంది.

"సోమారం పడిపోతాడే."

"ఏదోటి సేత్తారులే గవర్నమెంటోళ్ళు. ఊరందరి పట్టుబడీ నీ చేతిలో ఉంది. పిల్లలున్నోళ్ళం." అని ఆదిలక్ష్మి ఆమె వేళ్ళని ఒక్కొక్కటిగా, నొప్పి కలగకుండా, తాడు మీంచి విప్పింది. నరసరాజు గారు వచ్చి, ఇంతమంది కోసం నిలబడ్డ మనిషి నీ మొగుడని, నువ్వు అదృష్టవంతురాలివని అన్నారు. మంగతాయారుకి ఆయన్ని మళ్ళీ తుమ్మించి వదిలెయ్యాలనిపించింది.

ఆదివారమైనా ఆఫీసు తీసే ఉంది. విజయోత్సవాల ఏర్పాట్లు జరుగుతున్నాయి. మంగతాయారు శ్రీనాథ్ బల్ల పట్టుకుని నిలబడి, ఆయాసం తీరకుండానే చెప్పింది.

"నా మొగుణ్ణి సంపేత్తారా మీరు? మీ సంతకాల కోసం ఆడు నేల మీద పడి ముక్కలవ్వాలా? నాకు పరిహారం వద్దు, శాలువాలొద్దు. ఆణ్ణి దింపండి. లేదంటే నన్ను కూడా ఆ తాడుకే కట్టెయ్యండి."

శ్రీనాథ్‌కి కళ్ళు చెమ్మగిల్లాయి. అతను నొచ్చుకున్నట్టు కూడా ఉన్నాడు.

"అమ్మా, ఆయన పడిపోతారని మాకు తెలియదనుకున్నారా? మేమూ మనుషులమే. ఆ సంగతి చర్చల్లో లేవనెత్తాం. రెండు రోజులు ఆ ఒక్క అంశం మీదే పోరాడాం. చివరికి ఒప్పించాం. ఆ తాడు చుట్టూ నాలుగు గజాల మేర, కింద నుంచి పైదాకా, బరువు రాదు. ప్రత్యేక మినహాయింపు. ఆయన ఎక్కడున్నారో అక్కడే క్షేమంగా ఉంటారు."

"మరి దింపేదెప్పుడండి?"

"దింపాలంటే ప్రతిచర్య ఉపసంహరించుకోవాలి. ఉపసంహరించుకుంటే రేపు మళ్ళీ వాళ్ళు బెదిరిస్తే మన దగ్గర ఏముంటుంది? ఇంతా చేసి పనిచేసిన సాధనం దేశంలో అదొక్కటే. సమీక్షా సంఘం వేశారు. సమావేశానికి ఒక అడుగు చొప్పున దింపే ప్రతిపాదన ఉంది."

"సమావేశం ఎప్పుడండి?"

"సభ్యుల్ని ఇంకా నియమించలేదు" అన్నాడు శ్రీనాథ్. ఆమెని జీపులో ఇంటికి పంపించాడు.

సోమవారం పొద్దున బరువు వచ్చింది. చెరువుల్లో నీళ్ళు ఒక్కసారిగా కుంగి గట్ల మధ్య సర్దుకున్నాయి. జనం మంచాల మీద దబ్బున పడి, నడుములు పట్టుకుని నవ్వుకున్నారు. తాడు చుట్టూ ఉన్న నాలుగు గజాల్లో మాత్రం గాలి అలాగే ఉంది. పోతురాజు పైన అలాగే ఉన్నాడు. ఊళ్ళో పట్టుబడులు మొదలయ్యాయి. ఐసు లారీలు వరస కట్టాయి. రెండు రోజులు జనం పైకి చూసి దణ్ణం పెట్టుకున్నారు. మూడో రోజు నుంచి పనుల తొందరలో తాడు దగ్గరికొచ్చేసరికి పక్కకి తప్పుకుని పోసాగారు. చెరువులో ఆ మేర నీళ్ళు గుమ్మటంగా ఉబ్బే ఉండిపోయినందుకు మంగతాయారుకి కౌలు తగ్గించారు. ప్రతిచర్య కుటుంబమని పక్కా ఇల్లు కూడా ఇచ్చారు.

భోజనం వేళకి ఆమె ఆ నాలుగు గజాల్లోకి అడుగుపెట్టేది. చెప్పులు బయట విడిచి, కేరేజీ చంకన పెట్టుకుని, తాడు పట్టుకుంటే చాలు, పైకి లేచిపోయేది. అతనికి తినిపించి, నడుం దగ్గర ఒరుసుకున్న చోట కొబ్బరినూనె రాసి, తాడు పట్టుకుని జరుగుతూ తిరిగొచ్చేది. మొదట్లో అతను ఆమె చెయ్యి వదిలేవాడు కాదు. ఆమె వేళ్ళు తనే విప్పుకుని రావాల్సొచ్చేది. ఎంత నెమ్మదిగా విప్పుకున్నా ఆ తర్వాత చాలాసేపు ఆమెకి కింద ఏ పనీ చెయ్యబుద్ధయ్యేది కాదు.

ఆ మరుసటి ఏడు మన ప్రతినిధి ఇంకో సభలో పొరపాటున కాఫీకి వెళ్ళలేదు. అవతలి దేశం ఈసారి కొబ్బరికాయల బరువు కోసేస్తామంది. నష్టం ముందే లెక్కకట్టి పెట్టుకున్నారు గనక కమిటీకి ఆట్టే కాలం పట్టలేదు. గోదావరి జిల్లాల నుంచి పదిమంది ప్రతిచర్యలు కావాలని ప్రకటన వచ్చింది. పక్కా ఇల్లు, పిల్లల చదువు, కౌలులో రాయితీ. అదే సాయంత్రం ఆదిలక్ష్మి తన మొగుడు ఏడుకొండల్ని వెంటబెట్టుకుని, పళ్ళెంలో అరటిపళ్ళు పెట్టుకుని వచ్చింది. గుమ్మంలో కాసేపు నసిగింది.

"ఆ డిప్టీ గారు నీకు బాగా తెలుసు కదా మంగా. మా ఆయన పేరు ఓ మాట సెప్పు. కౌలు మీద నెగ్గుకు రాలేకపోతన్నాం."

మంగతాయారు ఏడుకొండల్ని కింద నుంచి పైదాకా చూసింది. మనిషి బక్కగానే ఉన్నాడు, సరిపోతాడు. ఆమెకి ఒక్క క్షణం ఆదిలక్ష్మి వేళ్ళు గుర్తొచ్చాయి, కోపం పైదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. కుర్చీ చూపించింది.

"నడుముకి తాడు కింద పాత దుప్పటి ముక్క చుట్టమను. ఉత్త తాడైతే కోసేత్తది. రెండు చొక్కాలు తొడిగి పంపు" అంది.

"అలాగే. మరి పైన ఉంటే మనిషికి ఏవైనా బాధగా ఉంటాదా?"

"మొదట్లో దింపమని రోజూ అడిగేవాడు" అంది మంగతాయారు. "ఇప్పుడు అడగట్లేదు."

"హమ్మయ్య, అయితే పర్లేదు" అంది ఆదిలక్ష్మి. అరటిపళ్ళ పళ్ళెం బల్ల మీద పెట్టింది. ఏడుకొండలు అప్పటికే లేచి గుమ్మంలోకి వెళ్ళి, తన చెరువు గట్టున దిమ్మ ఎక్కడ కడితే బాగుంటుందో చూసుకుంటున్నాడు.